తీయించుకున్న రోజు

పీజీ ప్రవేశపరీక్షలో చంద్రికకు కొద్దిలో సీటు తప్పిపోయింది. మళ్లీ రాయవచ్చు. కాకపోతే రెండోసారీ అదే ప్రశ్నపత్రం ఇస్తారు కనుక, మొదట రాసిన రోజును మనసులోంచి తీయించుకుని రావాలి. ఆ రోజుతోపాటు దాన్ని గురించి తలుచుకున్నవీ పోతాయి. కాకినాడలో ఆ పనికి వీధికో క్లినిక్ ఉంది.

"ఒక్క రోజేగా! నేను రెండుసార్లు తీయించుకున్నాను, నాకేం తక్కువైంది?" అన్నాడు అన్న భార్గవ, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ.

"నాన్న వచ్చింది ఆ రోజే కదా అన్నయ్యా."

నచ్చినవాణ్ని చేసుకుందని నాన్న ఆమెతో ఏళ్ల తరబడి మాట్లాడలేదు. ఆ రోజు మాత్రం పరీక్ష హాలు బయట బజ్జీల పొట్లంతో నిలబడి, "ఎలా రాశావే?" అని అడిగాడు. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని తిన్నారు. ఆ రాత్రే ఆయన నిద్రలో పోయాడు.

చంద్రిక ఎటూ తేల్చుకోలేక కొన్నాళ్లు ఊగిసలాడింది. చివరికి ఆ రోజు సంగతంతా అన్నకు పూసగుచ్చినట్టు చెప్పి, "తర్వాత నాకు చెప్పు," అని క్లినిక్‌కు వెళ్లింది.

ఈసారి సీటు వచ్చింది. ఆ సాయంత్రం నాన్న ఫొటో ముందు నిలబడి, "ఒక్క మాటైనా మాట్లాడకుండానే పోయాడు," అని కళ్లు తుడుచుకుంది.

భార్గవ మాట తప్పలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, మెట్లూ బజ్జీలూ సహా అంతా చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

"సరిగ్గా నాకు గుర్తులేని రోజే వచ్చాడా నాన్న?" అంది. "నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నావులే అన్నయ్యా."