బియ్యం డబ్బాలో కేకలు

నా కొత్త చదువు కళ్ళద్దాలు పేజీని రెప్పపాటులో చదివించేస్తాయి. మనసు పక్కకు పోయిందో, "ధ్యాస తప్పింది" అని ఇల్లంతా వినబడేలా అరుస్తాయి. మళ్ళీ పేజీలో పడేదాకా ఊరుకోవు.

సాయంత్రం గ్రంథాలయ ఉద్యోగానికి పరీక్ష. ఈలోగా ఈ పుస్తకం పూర్తిచేయాలి. పెళ్ళయి నెలయినా కాలేదు, నేనింకా మొదటి పేజీలోనే ఉన్నాను.

తల తుడుచుకుంటూ మా ఆయన వంశీధర్ నా ముందు నుంచి వెళ్ళాడు.

"ధ్యాస తప్పింది!"

"నన్నే చూస్తున్నావు కదూ?" అన్నాడు మురిసిపోతూ.

"చాల్లే సంబరం! ఉద్యోగం రాకపోతే నీదే పూచీ. వంటింట్లోకి పో!"

బుద్ధిగా వెళ్ళి, తన చదువు కళ్ళద్దాలు పెట్టుకుని గుత్తివంకాయ ఎలా చేయాలో చదవసాగాడు. ఇక నా పేజీలు పరుగెత్తాయి. చివర్లో కళ్ళద్దాలు అడిగిన ప్రశ్నలన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పేశాను.

"అయిపోయిందోచ్!" అని గంతేశానో లేదో, మాడు వాసన. పరుగెత్తాను. వంకాయలు బొగ్గయ్యాయి. గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు వంశీధర్, ముఖాన కళ్ళద్దాలు లేవు. బియ్యం డబ్బాలోంచి సన్నగా వినిపిస్తోంది: "ధ్యాస తప్పింది... ధ్యాస తప్పింది..."

"అరిచి నీ చదువు చెడగొడతాయని అందులో పెట్టాను," అన్నాడు తలవంచుకుని.

"నన్నే చూస్తున్నావు కదూ?" అన్నాను.