ఫిల్టర్‌లో ఎనిమిది స్టిక్కర్లు

ఉదయం ఏడూ పదికి వాషింగ్ మెషీన్ నీళ్లు వదలకుండా ఆగిపోయింది. అప్పుడే నైట్ డ్యూటీ దిగి వచ్చిన కోడలు పాత తువ్వాలు పరిచి దాని ముందు చతికిలబడింది.

“నేనంటే దీనికీ అలుసే,” అంటూ అడుగునున్న ఫిల్టర్ తిప్పింది. మురికినీళ్లు కారాయి.

వంటగదిలోంచి భర్త మామూలు గొంతుతోనే అడిగాడు. “ఆదివారం వృద్ధాశ్రమంలో దింపాలి కదా, అమ్మకి ఏం చెబుదాం?”

“డాక్టరు దగ్గరికని చెప్పు. రాత్రంతా వార్డులో చాకిరీ, పగలంతా ఇంట్లో. నావల్ల కాదిక.”

అత్తగారు జుట్టు చెవుల మీదికి దువ్వుకుని, పక్కనే దుప్పటి మడతపెడుతోంది. చెవి మిషన్ గోల భరించలేనని రెండు నెలల కిందట దాన్ని పెట్టెలో పడేసింది. అప్పట్నుంచి వాళ్లిద్దరూ ఆమె ముందు గుసగుసలాడటం మానేశారు.

ఫిల్టర్‌లో పీచు ముద్దకట్టింది. విడదీస్తే గోరంత స్టిక్కర్లు ఎనిమిది వచ్చాయి. చెవి మిషన్‌లో కొత్త బ్యాటరీ వేసేముందు ఒలిచేసేవి అవి. ఒక్కో బ్యాటరీ వారమే పనిచేస్తుందని నర్సుగా కోడలికి తెలుసు; ఎనిమిదంటే రెండు నెలలు.

తల తిప్పకుండా, గుసగుసగా అడిగింది. “అత్తయ్యా, ఇవి మీ నైటీ జేబులోవా?”

“అవునమ్మా. పారేద్దామని వేసుకుని మర్చిపోయినట్టున్నా.”

“మరి వినపడదన్నట్టు ఎందుకున్నారు?”

“వినపడుతుందంటే మీరు నా ముందు మాట్లాడుకోరు. నాతో ఎలాగూ ఎవరూ మాట్లాడరు. నా చెవిన పడే మాటలు అవేగా!”

కోడలు ఫిల్టర్‌ని మళ్లీ బిగించసాగింది.

“డాక్టరు గీక్టరు ఎందుకులే,” అంది అత్తగారు. “ఎన్నింటికి బయల్దేరాలో చెబితే తయారై కూర్చుంటాను.”