వాపస్ మొక్కు

"కోడె బెదురుతున్నది, తాడు గట్టిగ పట్టుకో అక్కా" అంది అలేఖ్య, మొక్కు కోడెను రాజన్న గుడి చుట్టూ తిప్పుతూ.

మంజుల తాడు పట్టుకుందే కానీ, చూపంతా యారాలు అలేఖ్య మెడలోని కొత్త పుస్తెలతాడు మీదే ఉంది. తనదానికి రెండింతల లావు! అలేఖ్య మొగుడు, అంటే తన మరిది, పోయినేడు ఫోన్లో ఏవో కాయిన్లు కొన్నాడు. అప్పట్నుంచి "ఇయ్యాల ఇంత పెరిగింది" అని అతను అన్నప్పుడల్లా మంజుల కళ్లలో నిప్పులు పోసుకునేది. ఇక ఓర్వలేక, తన పుస్తెలతాడు కుదువపెట్టి అవే కొందామని నిన్ననే నిశ్చయించుకుంది. ఆ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"నీకేంది పిల్లా, రాజన్న సల్లగ సూసిండు. మొక్కు తీర్చుకుంటున్నవ్" అంది పళ్లు బిగబట్టి.

అలేఖ్య కోడెను ముందుకు నడిపించింది. గుడి చుట్టూ తిరగడం అయ్యాక, కోరిక చెప్పుకోవడానికి కోడె చెవి దగ్గర వంగింది. మంజుల తాడు సర్దుతున్నట్టు పక్కకు జరిగి చెవి ఒగ్గింది.

"రాజన్నా, ఇంకొకల్ని చేర్పిస్తెనే ఆ కాయిన్లోళ్లు మా పైసలు ఇడుస్తరంట. మా అక్క మనసు మార్చి చేరేటట్టు చెయ్యి. ఆమెకు బంగారమన్న ఉన్నది. నాది అమ్ముకొని గిల్టుది ఏసుకున్న."

అలేఖ్య కళ్లు తుడుచుకుని లేచింది. "నువ్వు గూడ చెప్పుకో అక్కా."

మంజుల వంగింది. 'యారాలికి ఇచ్చిందే నాకూ ఇయ్యి' అని ఏడాదిగా మొక్కుతున్న ఆమె, పుస్తెలతాడును గుప్పిట బిగించి గబగబా అంది:

"రాజన్నా, నా మొక్కు వాపస్ తీసుకుంటున్న."