తిన్నామని చెప్పేదాకా

మా రొయ్యల చెరువుల ఆసామి గోపాలరాజుగారికి అరవయ్యో ఏట గ్లైడర్ పిచ్చి పట్టింది. మొగల్తూరు అవతల ఇసుకలో జీపుకి తాడు కట్టి లాగిస్తే పైకి లేచేది. ఇంజను లేదు, చప్పుడూ లేదు. సాయంత్రాలు చెరువుల మీద తిరుగుతూ, బాగా కిందకొచ్చి కేకేసేవారు.

"భోంచేశారా, బుల్లబ్బాయిగారూ?"

కాపలావాణ్ణి నేను. నన్నూ గారూ అనేవారు. తిన్నామండి అనేదాకా మా పాక చుట్టూ తిరుగుతూనే ఉండేవారు. మా ఆవిడ సత్యకుమారి నవ్వలేక చచ్చేది.

ఆ రోజు గంటసేపు తిరిగి, మసక చీకట్లో అడిగారు. "ఇప్పుడే తిన్నామండి" అన్నాను. "మంచిదండి" అన్నారు. వెంటనే గ్లైడర్ గట్టు పక్కన మెత్తగా వాలింది. పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

"పైకి లేవగానే గుండె ఆగినట్టుంది. ప్రాణం పోయి గంట దాటింది" అన్నారు డాక్టరుగారు.



నెల తిరిగింది. నిన్న రాత్రి కరెంటు పోయి, చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లన్నీ ఆగాయి. కప్పలు కూడా ఊరుకున్నాయి. పాక పైనుంచి గాలిని కోసుకుంటూ ఏదో వెళ్ళింది. ఆ వెనకే ఆ గొంతు.

"భోంచేశారా, బుల్లబ్బాయిగారూ?"

సత్యకుమారి అప్పుడే చెయ్యి కడుక్కుంటోంది. నా వంక చూసింది. ముఖమంతా నవ్వు. ఎంగిలి కంచాలు రెండూ గబగబా మంచం కిందకి తోసేసింది.

"ఇంకా లేదండీ" అని ఇద్దరం ఒక్కసారే కేకేశాం.

వెన్నెల్లో రెక్కల నీడ మా వాకిట్లోంచి ఇంకో చుట్టు తిరిగింది.