పలచటి పొర

బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

చంద్రరావుకి ఇది అలవాటే. షుగరు పుండు. ఎనిమిది నెలలుగా పాదం మీద మానడం లేదు. ఎంత కట్టు కట్టినా వాసన ఆగదు. రావులపాలెం అరటి మార్కెట్లో దర్జాగా తిరిగిన మనిషి, ఇప్పుడు రాజమండ్రిలో ఓ ఆసుపత్రి వరండాలో తల దించుకుని కూర్చున్నాడు.

నిండు నెలలతో ఉన్న ఓ అమ్మాయి వచ్చి అతని పక్కనే కూర్చుంది.

"నీకు ముక్కు పనిచెయ్యట్లేదా? అవతలికెళ్లి కూర్చో."

"ఫర్వాలేదండి. మా అయ్యకీ ఇలాగే ఉండేది. కాలు కిందకి వేలాడెయ్యకండి బాబుగారూ, నీరు దిగుద్ది."

తన చేతిసంచీ అతని మడమ కింద పెట్టబోయింది.

చంద్రరావు విసురుగా తోసేశాడు. సంచీలోంచి పసిబిడ్డ కోసం చింపి మడతపెట్టుకున్న పాతగుడ్డలు నేల మీద పడ్డాయి.

"నీ జాలి నాకక్కర్లేదు. పో!"

ఆమె వంగలేక వంగి, వాటిని ఏరుకుని వెళ్లిపోయింది.

లోపల డాక్టరు పుండు చూసి పెదవి విరిచాడు.

"ఇంకో నెల చూద్దామండి. మానకపోతే పాదం తీసెయ్యాలి."



నెల తిరక్కుండానే డాక్టరు కబురు పెట్టాడు.

"కొత్తరకం కట్టు ఒకటి వేసి చూద్దామండి."

ముంజె మీది పొరలా పలచగా, తడిగా ఉంది. పుండు మీద పరిచి కట్టు కట్టారు. అలా వారం వారం ఒక్కో ముక్క వేశారు. మూడో వారానికి వాసన పోయింది. రెండు నెలలకి పుండు పూడి, కొత్త చర్మం వచ్చింది.

చంద్రరావు తన కాళ్ల మీద నడిచి, చక్కెరకేళి గెలతో ఆసుపత్రికి వచ్చాడు.

"ఏ కంపెనీ మందు సిస్టర్ ఇది?"

నర్సు బేబి నవ్వింది.

"కంపెనీది కాదండి. కడుపులో బిడ్డని చుట్టుకుని ఉండే పొర. కాన్పప్పుడు తల్లి ఇస్తే, పరీక్షలు చేసి, శుభ్రం చేసి దాస్తాం."

చంద్రరావు తన పాదం వంక చూసుకున్నాడు.

"ఆ తల్లెవరమ్మా? ఒక్కసారి చూపించు. దణ్ణం పెట్టుకుంటాను."

"ఏసమ్మండి. ఇటికబట్టీ పని వాళ్లది. బిడ్డనెత్తుకుని ఎటో వలస వెళ్లిపోయారు."

"అయ్యో... నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

బేబి అతని చేతిలోని గెల అందుకుని బల్ల మీద పెట్టింది.

"'బెంచీ మీద కూర్చున్న ఆ బాబుగారి కాలికే వెయ్యండి, నేనిచ్చానని మాత్రం చెప్పకండి, వద్దంటారు' అందండి."