కుందేలు చెవుల కవరు

ఛార్జరు దాచి పదకొండు రోజులైంది. అయినా పిల్ల తలెత్తలేదు.

టైల్స్ షాపు నడిపే ఆ తండ్రికి ఇది మింగుడుపడలేదు. ముందు ఇంటికి ఇంటర్నెట్ కట్ చేయించాడు. లాభం లేకపోయింది. తర్వాత ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఛార్జరు పట్టుకెళ్లి, షాపులో సిమెంటు బస్తాల వెనక పడేశాడు. రెండో రోజుకి భార్య ఫోన్ కళ్లు మూసింది. మూడో రోజు ఆయనదీ అదే దారి పట్టింది. పదిహేనేళ్ల కూతురు మాత్రం, ఛార్జరేదీ అని మాటవరసకైనా అడగలేదు. మెట్ల మీద కూర్చుని, కుందేలు చెవుల కవరు తొడిగిన దాని మీద బొటనవేలు పైకీ కిందికీ జరుపుతూనే ఉంది. ఎవరైనా దగ్గరికొస్తే చటుక్కున గుండెకి ఆనించుకునేది.

"మంచి కంపెనీదై ఉంటుందండీ," అంది భార్య కాస్త గొప్పగానే. "మొన్న బకెట్లో పడిందా, తుడుచుకుని మళ్లీ మొదలెట్టింది."

రోజూ పొద్దున్నే దీపం ముందు నిలబడి ఆయన అడిగేది ఒకటే. స్వామీ, పిల్ల ఒక్కసారి తలెత్తి నాన్నా అంటే చాలు. ఇన్నేళ్లలో ఆయన అడిగిన కోరికల్లో ఇదే చిన్నది. మరీ చిన్నది కాబట్టి అడుగున పడిపోయిందేమోనని ఒక్కోసారి అనుమానం వచ్చేది.

దేవుడికంటే ముందు బడివాళ్లు కబురు పంపారు. పరీక్ష రాస్తూ కూడా దాన్ని ఒళ్లో పెట్టుకుందట. ఇవాళ అప్పగించకపోతే టీసీ ఇచ్చి పంపేస్తారట.

పిల్లల మనసు చూసే కౌన్సెలర్ మేడం ఎదుట ముగ్గురూ వరసగా కూర్చున్నారు. ఆ గదిలో టైల్స్ వంకరగా పరిచారు. తండ్రి కళ్లు కాసేపు అక్కడే ఇరుక్కుపోయాయి. మేడం నాలుగు పేజీల ఫారం తెరిచింది.

"ముందు ఇది చెప్పండి. ఎవరు కొనిచ్చారు?"

"ఈయనే," అంది తల్లి.

"నేనా? గారాబం చేసి కొనిపెట్టింది నువ్వు కాదటే!"

"బాగుంది సంబడం! చెప్పులు కొనుక్కోవాలన్నా మీకు పది రోజులు చెప్పుకోవాలి. నేను ఫోన్ కొంటానా?"

"అయితే చెట్టుకి కాసిందా?"

'తల్లిదండ్రులకి ఒకరి సంగతి ఒకరికి తెలీదు' అని మేడం ఎర్ర పెన్నుతో రాసుకుంది. పిల్లవైపు తిరిగి గొంతు మెత్తబరిచింది.

"రోజుకి ఎన్ని మెసేజులొస్తాయమ్మా?"

"రావు మేడం."

"ఒక్కటి కూడానా?"

"నాకెవరు పెడతారు?"

ఒంటరితనం దగ్గర టిక్కు పడింది.

"మరి అంతసేపూ ఏం చూస్తుంటావ్?"

"నా మొహం."

మేడం కళ్లు మెరిశాయి. 'సెల్ఫీల పిచ్చి' అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

"అది లేకపోతే ఏమవుతుంది?"

పిల్ల కుందేలు చెవి నలుపుతూ ఆలోచించింది. "లంచ్ బెల్ కొట్టగానే అందరూ తలలు దించేసుకుంటారు మేడం. నేనొక్కదాన్నే తలెత్తుకుని కూర్చుంటే, నాకెవరూ లేరని తెలిసిపోదూ?"

"అందరూ దించుకుంటే నిన్ను చూసేదెవరే?" అంది తల్లి.

తండ్రి తన కుర్చీని పిల్లవైపు కాస్త జరుపుకున్నాడు.

ఆందోళన దగ్గర టిక్కు. అందరూ తనని వదిలేశారన్న బెంగ దగ్గర టిక్కు. తన మీద తనకి నమ్మకం లేకపోవడం దగ్గర ఇంకో టిక్కు. గళ్లన్నీ నిండిపోయాయి. ఇంత నిండు కేసు తన సర్వీసులో తగల్లేదని మేడం ముచ్చటపడింది.

"దానికి ఎవరెవరి ఫోన్లొస్తాయో మీకు తెలుసా?"

"అసలు మోగితే కదండీ!" అంది తల్లి. "ఎప్పుడు చూసినా సైలెంటే."

"సరే. ఇటివ్వమ్మా. వారం రోజులు నా బీరువాలో ఉంటుంది."

పిల్ల రెండు చేతులతో దాన్ని గట్టిగా హత్తుకుంది. "వద్దు మేడం. నవ్వుతారు."

"ఛ, ఎవరు నవ్వుతారు?"

"నాన్న."

"నేనా? నేనెందుకు నవ్వుతానమ్మడూ!" అన్నాడు తండ్రి కంగారుగా చెయ్యి చాపి. "దేవుడి మీద ఒట్టు. నవ్వను."

అప్పుడు తలెత్తింది పిల్ల. ఎన్నాళ్లకో! ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

"తిట్టవుగా నాన్నా," అంటూ దాన్ని ఆయన అరచేతిలో పెట్టింది.

ఆ బరువుకి ఉలిక్కిపడి, ఆయన కుందేలు చెవులు పట్టుకుని కవరు లాగి వెనక్కి తిప్పితే, తన చేత్తోనే రాసి అంటించిన చీటీ ఇంకా అలాగే ఉంది: 'నల్ల మెరుపు టైలు, బాత్రూం గోడలకి, శాంపిల్ ముక్క, అమ్మకానికి కాదు.'