కుక్క వల్లనే

“మోతీ, కూర్చో” అన్నాడు దావీదురాజు.

కుక్క అతని వైపు కూడా చూడలేదు. తాడు చివర నిలబడి అరుగును వాసన చూస్తోంది.

అరుగు మీద వెంకటలక్ష్మమ్మ చేటలో కొర్రలు చెరుగుతోంది. “రెండంకణాల ఇల్లు. పెరట్లో బావి ఉండాది. మీరిద్దరేనా అప్పా?”

“ఇద్దరమేనమ్మా. అచ్చాఫీసులో పని చేస్తాండా. ఈ బిడ్డకు తల్లి లేదు. వచ్చే సోమవారం ఈడ ఆరో తరగతిలో చేరాల. ఇల్లు దొరికితేనే సదువు, లేకుంటే మళ్లీ పల్లెకే.”

“పాపం, చక్కటి పిల్ల. పేరేమే?”

“ఏసుమణి” అంది పిల్ల, బళ్లో హాజరు పలికినంత గట్టిగా.

చేట ఆగింది. “ఊర్లో మీ ఇండ్లు యాడ?”

“ఆత్మకూరు పక్కన పల్లె. ఊరి బయట, మా చర్చి...”

దావీదురాజు తాడు లాగాడు. కుక్క భౌమంది. “ఈ కుక్క కూడా ఉండాదమ్మా మాకు. దీంతో మీకు ఇబ్బందేమో?”

వెంకటలక్ష్మమ్మ ముఖం తేటపడింది. “అదే చెప్పబోతాండా. మాకు కుక్కలు పడవు. కుక్క లేకుంటే ఇచ్చేదాన్నే.”

“అయితే కుక్క వల్లనే కదమ్మా?”

“ఆ, కుక్క వల్లనే.”

ఏసుమణి దాహమంది. వెంకటలక్ష్మమ్మ అరుగు మీదే నిలబడి చెంబెత్తి పోసింది. దోసిట్లో సగం పడ్డాయి, సగం పావడ మీద పడ్డాయి.

వీధిలోకి రాగానే ఏసుమణి ఆగిపోయింది. “నాయనా, కుక్కను వదిలేస్తామని ఒక్క మాట చెప్పకూడదా? ఇచ్చేదాన్నే అనె కదా ఆయమ్మ!”

“నోరు లేని జీవాన్ని యాడ వదిలేస్తామమ్మా?”

“నాకు నోరుండాది కాబట్టి నన్ను పల్లెకు తోలేస్తావా?”

దావీదురాజు తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

అతను కర్నూలుకు వచ్చి రెండు నెలలైంది. అచ్చాఫీసులోనే కాగితాల కట్టల మధ్య పడుకునేవాడు. మొన్న సోమవారం కూతురు బండి దిగేసరికి ఈ కుక్కతో నిలబడి ఉన్నాడు. ఏసుమణి ఇప్పుడు హాస్టల్లో వంట చేసే రాహేలమ్మ అత్త గదిలో ఉంటోంది. అదీ ఆదివారం దాకే. దావీదురాజు రోజూ పొద్దున కుక్కతో వచ్చేవాడు, పొద్దు గూకక ముందే కుక్కతో వెళ్లిపోయేవాడు.

మొదటి రోజు దాని ఒంటినిండా ఉన్న రంపపు పొట్టును ఏసుమణి దులిపింది. “పేరేమి నాయనా?” అని అడిగితే అతను కాసేపు ఆలోచించి, “మోతీ” అన్నాడు. రెండో రోజు మళ్లీ పొట్టే. ఆమె దులపలేదు.

శుక్రవారానికి ఏడు ఇండ్లు తిరిగారు. ఏడు చోట్లా కుక్కే అడ్డం. ఒకరి వాకిట్లోనే రెండు కుక్కలు పడుకుని ఉన్నాయి. ఆ ఇంటాయన కూడా కుక్క పడదనే అన్నాడు.

“వాళ్లకే రెండుండాయి కదా నాయనా!”

“అందుకేనమ్మా. కొట్లాడుకుంటాయని.”

ఆ సాయంత్రం నాయన చూడకుండా ఏసుమణి కుక్కను రాయి పెట్టి కొట్టింది. అది కుయ్యిమని, తోక ముడుచుకుని, మళ్లీ ఆమె పక్కకే వచ్చి నిలబడింది.

శనివారం తుంగభద్ర గట్టు దగ్గర వజీర్‌బీ ఇంటికి వెళ్లారు. ఆమె కూడా పేరడిగింది. ఊరడిగింది. ఏసుమణి అన్నీ చెప్పింది. తాడు లాగబోయిన దావీదురాజు చెయ్యి మధ్యలో ఆగింది, ఎందుకంటే వజీర్‌బీ లోపలికి వెళ్లి లోటాతో నీళ్లు తెచ్చి పిల్ల చేతికే ఇచ్చింది.

“తాగు బేటీ. ఎండన పడి వచ్చినారు” అంది. తర్వాత కుక్కను చూసింది. “ఇల్లు మీకే ఇస్తా గానీ, ఇది మాత్రం వద్దప్పా. నమాజు చేసుకునే ఇల్లు.”

ఏసుమణి తల దించుకుంది. మళ్లీ కుక్కే.

“రాదమ్మా” అన్నాడు దావీదురాజు. “ఈ పొద్దే వదిలేస్తా.”

ఏసుమణి తెల్లబోయి అతన్ని చూసింది. ఐదు రోజులు ఎంత బతిమాలినా వినని మనిషి, ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆలోచించలేదు.

“యాడ వదిలేస్తావు నాయనా?”

“మంచి చోటే. నువ్వు ఇల్లు ఊడ్చు తల్లీ, వస్తా.”

ఆమె చీపురు పట్టుకుంది గానీ చెయ్యి ఆడలేదు. నిన్నటి రాయి గుర్తొచ్చింది. అత్త మూట కట్టిచ్చిన జొన్నరొట్టెలో సగం తుంచుకుని వెనకాలే పరుగెత్తింది.

వీధి మలుపులో కట్టెల అడితి ఉంది. కంబన్న అనే ముసలాయన రంపం పక్కన పెట్టి లేచాడు. దావీదురాజు తాడు విప్పగానే కుక్క నేరుగా వెళ్లి రంపపు పొట్టు కుప్ప మీద ముడుచుకుని పడుకుంది.

ఈయనకు ఇచ్చేస్తున్నాడు కాబోలు, మంచి చోటే అనుకుంది ఏసుమణి. రొట్టె పట్టుకుని కట్టెల మోపుల వెనక ఆగింది.

దావీదురాజు తాడు చుట్టి కంబన్న చేతిలో పెట్టాడు.

“నా బిడ్డకు ఏమీ తెలీకుండా కాపాడినాది కంబన్నా, నీ కుక్క.”